షుగర్, బీపీ, పొట్ట – వేరు ఒక్కటే

(సంఘం శిక్షణా తరగతుల్లో ‘రైతు కుటుంబం – ఆరోగ్యం’ అనే అంశంపై ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మీరు మద్దతు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు కార్డుల గురించి, పంటల బీమా గురించి మాట్లాడుకున్నారు. ఇప్పుడు ఒక డాక్టరు లేచి షుగర్, బీపీ గురించి చెబుతానంటే, భోజనాల ముందు ఇదేం పాఠంరా అనిపించవచ్చు. కానీ రైతు కుటుంబం అప్పుల్లో పడటానికి పంట పోవడం ఒక్కటే కారణం కాదు. ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడటం కూడా పెద్ద కారణమేనని మీలో చాలామందికి అనుభవమే. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిన రైతుకు ఎంత మద్దతు ధర ఇచ్చినా పొలంలో దిగేదెవరు? పుండు మానక కాలు తీసేసిన మనిషి గట్టు మీద నడిచేదెలా? కిడ్నీలు పాడై వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పట్నం పోయే ఇంట్లో, రోగితో పాటు తోడు వెళ్లేవాళ్ల కూలి కూడా పోతుంది. ప్రభుత్వ పథకం కింద డయాలసిస్ ఉచితంగా చేసినా, పోయిన పనిదినం తిరిగి రాదు.

ఈ మూడు కష్టాలకూ చాలాసార్లు మొదలు ఒకటే. అది మొదలైన ఎన్నో ఏళ్ల దాకా నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, ఆకలి మందగించదు. అందుకే పట్టించుకోం. ఆ మొదలు గురించే ఈ పూట మాట్లాడతాను. వైద్యులు దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. పేరు గుర్తుండకపోయినా పర్వాలేదు. దాని ఐదు గుర్తులు మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఐదుగురి ముఠా

మొదటిది నడుము చుట్టుకొలత. మన దేశం వాళ్లకు మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటకూడదు. అంగుళాల్లో అయితే మగవారికి సుమారు 35న్నర, ఆడవారికి 31న్నర. ప్యాంటు సైజు చూసి లెక్క కట్టకండి. ప్యాంటు పొట్ట కిందకు జారుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలి కొలవాలి. రెండోది బీపీ. 130/85 దగ్గరి నుంచే జాగ్రత్తపడాలి. మూడోది పరగడుపున చూసిన షుగర్. 100 దాటితే హెచ్చరిక, 126 దాటి మరోసారి పరీక్షలోనూ అలాగే వస్తే మధుమేహమే. నాలుగోది రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు. అది 150 లోపు ఉండాలి. ఐదోది హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్టరాల్. ఇది మగవారిలో 40 కంటే, ఆడవారిలో 50 కంటే తగ్గకూడదు.

ఈ ఐదింటిలో ఏ మూడు తప్పినా ఆ మనిషికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే. వీటికి ఇప్పటికే మాత్రలు వాడుతుంటే అదీ లెక్కలోకే వస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ కొద్దిగానే ఎక్కువ ఉండొచ్చు. షుగర్ 110, బీపీ 136, పొట్ట కొంచెం ముందుకు. ‘అన్నీ బోర్డర్లోనే ఉన్నాయి, ఏం కాదు’ అనుకుంటాం. కానీ ఇవి ముఠాగా వస్తే ఒకదానికొకటి తోడై గుండె మీద, మెదడు మీద, కిడ్నీల మీద పడతాయి. పైరులో దోమా ఉంది, తెగులూ ఉంది, నీటి ఎద్దడీ ఉంది అంటే, ఒక్కొక్కటీ కొద్దిగానే ఉందని మీరు ఊరుకుంటారా? ఊరుకోరు. ఇదీ అంతే.

అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ 1988లో ఇవన్నీ ఒకే మూలం నుంచి వస్తున్నాయని వివరించాడు. శరీరం ఇన్సులిన్ మాట వినకపోవడమే ఆ మూలం అన్నాడు. అదేమిటో చూద్దాం.

మోటారు కాలిపోయే తీరు

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండల్లోకి, కాలేయంలోకి పంపించేది ఇన్సులిన్. క్లోమగ్రంథి దాన్ని తయారుచేస్తుంది. పొట్టలోను, కాలేయంలోను కొవ్వు పేరుకున్నకొద్దీ కండలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. అప్పుడు క్లోమం ఏం చేస్తుంది? రెట్టింపు ఇన్సులిన్ తయారుచేసి పంపుతుంది. కొన్నేళ్లపాటు అలా నెట్టుకొస్తుంది. ఆ కాలంలో షుగర్ పరీక్ష చేస్తే మామూలుగానే కనిపిస్తుంది.

మీకు తెలిసిన మాటలో చెబుతాను. ఓల్టేజి తక్కువగా ఉన్నప్పుడు బోరు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. నీళ్లు వస్తూనే ఉంటాయి కాబట్టి మనకు తెలియదు. లోపల వైండింగు వేడెక్కుతూ వేడెక్కుతూ ఒకరోజు కాలిపోతుంది. నీళ్లు వస్తున్నాయి కదా అని ఊరుకున్నన్నాళ్లూ నష్టం లోపల జరుగుతూనే ఉంది. క్లోమం సంగతీ అంతే. షుగర్ బయటపడేనాటికి సగం నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే షుగర్ వచ్చాక చూద్దాం అనే మాట పనికిరాదు. ఓల్టేజి తగ్గినప్పుడే, అంటే నడుము పెరిగినప్పుడే మేలుకోవాలి.

అధికంగా ఉన్న ఇన్సులిన్ కిడ్నీలను ఉప్పు పట్టి ఉంచేలా చేస్తుంది, దాంతో బీపీ పెరుగుతుంది. కాలేయం మిగులు పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది, అదే ట్రైగ్లిజరైడ్ల పెరుగుదల. ‘నేను నూనె వస్తువులు ముట్టుకోను, నాకు కొవ్వెందుకు పెరిగింది?’ అని అడుగుతుంటారు. ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి నూనె అక్కర్లేదు. మూడు పూటలా అన్నం, పంచదార టీలు, సాయంత్రం మందు, ఇవి చాలు.

సన్నగా ఉన్నా సరే

‘డాక్టరుగారూ, అది పట్నంలో లావుపాటి సేట్లకు వచ్చే జబ్బు, బక్క రైతుకు ఎందుకొస్తుంది?’ అనే సందేహం మీకు రావచ్చు. పూణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోలే అచ్చువేశారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ సమానం, ఇద్దరిదీ 22.3. కానీ శరీరంలోని కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి ఇద్దరూ సన్నమే. మనవాడి ఒంట్లో మాత్రం కండ తక్కువ, కొవ్వు ఎక్కువ.

ఇది పుట్టుకతోనే మొదలవుతుందని పూణె దగ్గరి పల్లెల్లో చేసిన అధ్యయనంలో తేలింది. అక్కడి పసిబిడ్డల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డలది సుమారు 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లి కడుపునిండా తినక, ఏడో నెల దాకా నాట్లు వేస్తూ మోసిన బిడ్డ, తక్కువలో బతకడానికి సిద్ధమై పుడతాడు. అదే బిడ్డ పెద్దయ్యాక పని తగ్గి తిండి పెరిగితే ఆ శరీరం తట్టుకోలేదు. కరువు చూసిన తరాల ఒళ్లు మనది. కాబట్టి తూకం చూసి మోసపోకండి, టేపు పెట్టి చూడండి.

దేశం మొత్తం లెక్క కూడా చెబుతాను. భారత వైద్య పరిశోధన మండలి నిధులతో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలు. మధుమేహం అంచున ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలు. పెద్దల్లో 35.5 శాతం మందికి బీపీ ఉంది. ఇది పట్నాలవాళ్ల జబ్బు అనే రోజులు పోయాయి.

పని తగ్గింది, పళ్లెం తగ్గలేదు

మన తాతలు నాగలి కట్టి దున్నారు. గూడ వేసి నీళ్లు తోడారు. కోత, కట్టివేత, నూర్పిడి అంతా ఒంటి కష్టమే. ఇప్పుడు ట్రాక్టరు దున్నుతుంది, బోరు తోడుతుంది, కోత మిషను కోసి నూర్చి ధాన్యం పోస్తుంది. పొలానికి మోటారు సైకిల్ మీద వెళ్తున్నాం. ఇదేమీ తప్పు కాదు. నడుములు విరిగే చాకిరీ పోవాలని కోరుకున్నది మనమే. కానీ చాకిరీ నాటి పళ్లెం అలాగే ఉండిపోయింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క వినండి. 65 కిలోల మగమనిషి బరువు పని చేస్తే రోజుకు 3,470 కేలరీలు కావాలి. కూర్చుని చేసే పనైతే 2,110 చాలు. తేడా 1,360 కేలరీలు. బియ్యం లెక్కలో అది సుమారు 390 గ్రాములు. అంటే తాత తిన్నంత తిని, తాత చేసిన పని చేయకపోతే, రోజూ దాదాపు నాలుగు వందల గ్రాముల బియ్యం ఒంట్లో మిగులు. అది ఎక్కడికి పోతుంది? పొట్టలోకి, కాలేయంలోకి.

అందరి సంగతీ ఒకటి కాదు. కూలికి వెళ్లే అక్కలు ఇప్పటికీ నాట్లలో, కలుపులో, మిరప కోతల్లో ఒళ్లు హూనం చేసుకుంటున్నారు. వాళ్లకు తిండి తగ్గించమని నేను చెప్పను. వాళ్ల పళ్లెంలో పప్పు, గుడ్డు, పాలు పెరగాలి. పనిమనుషులను పెట్టి చేయించుకునే రైతుకు, ఎరువుల కొట్టులో కూర్చునేవారికి, వయసు మళ్లి ఇంటిపట్టున ఉండేవారికి మాత్రం అన్నం తగ్గాలి. ఒకే ఇంట్లో కూడా పళ్లెం పనిని బట్టి ఉండాలి.

పళ్లెంలో ఏం మార్చాలి

2025లో అదే భారత వైద్య పరిశోధన మండలి సర్వే మన తిండి గురించి మరో సంగతి బయటపెట్టింది. మనం తినే శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. బియ్యం మాని, దానికి బదులు అంతే మోతాదులో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తింటే ముప్పు తగ్గినట్టు కనపడలేదు. మొత్తం పిండిపదార్థం తగ్గించి, ఆ జాగాలో పప్పులు, పాల వంటి మాంసకృత్తులు పెట్టినప్పుడు తగ్గింది.

ఇది చాలా ముఖ్యం. ఇప్పుడు కొర్రలు, సామలు, అండుకొర్రలు తింటే షుగర్ పోతుందని ప్రచారం బాగా ఉంది. జొన్న, రాగి, కొర్ర మంచి తిండి. పీచు ఉంది, ఖనిజాలున్నాయి, మెట్ట భూముల్లో తక్కువ నీటితో పండుతాయి. తినండి, పండించండి. కానీ పళ్లెం నిండా కొర్రన్నం పెట్టుకుంటే పళ్లెం నిండా అన్నం పెట్టుకున్నట్టే. రాగి జావలో రెండు చెంచాల బెల్లం వేసుకుంటే అది మందు కాదు. వరిలోనూ తేడాలున్నాయి. తెలంగాణ సోనా అనే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం అన్నం రక్తంలో షుగర్‌ను కొంత నెమ్మదిగా పెంచుతుందని పరీక్షల్లో తేలింది. అది మేలే, అయితే అదీ కొలతగానే.

పద్ధతి తేలిక. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, శనగలు, ఉలవలు, గుడ్డు, చేప, కోడికూరల్లో ఏదో ఒకటి. మిగిలిన పావు వంతు అన్నం గానీ జొన్న రొట్టె గానీ. ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నం తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. పొద్దున్నే ఉప్మా, ఇడ్లీకి బదులు వారంలో కొన్ని రోజులు పెసరట్టు, ఉడికించిన శనగలు, గుగ్గిళ్లు తినండి. మజ్జిగ పర్వాలేదు, అందులో ఉప్పు తగ్గించండి. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. మన ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడం, వడియం కలిస్తే ఒక్క పూటలోనే అది దాటిపోతుంది. పచ్చడి మానమని చెప్పి తెలుగువాడిగా నేను పాపం మూటగట్టుకోను. రోజూ కాక ఎప్పుడన్నా, ముద్ద మొత్తానికి కాక నంజుకోవడానికి అంటాను. నూనె మనిషికి నెలకు అర లీటరు చాలు.

టీ సంగతి. పొలానికి వెళ్తూ ఒకటి, కొట్టు దగ్గర రెండు, సాయంత్రం రెండు. టీకి రెండు చెంచాల పంచదార అయితే రోజుకు పది చెంచాలు. అక్కడ మొదలుపెట్టండి. ఖర్చు లేదు, పైగా మిగులు.

నడక, నిద్ర, మందు, పొగ

బరువెక్కువ ఉన్నవారు ఉన్న బరువులో 5 నుంచి 7 శాతం తగ్గితే చాలు, బీపీ, షుగర్, కొవ్వు మూడూ దిగొస్తాయి. 80 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఐదున్నర కిలోలు. చెన్నైలో మధుమేహం అంచున ఉన్నవారి మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో తిండి మార్పు, రోజూ నడక వల్ల మూడేళ్లలో షుగర్ వ్యాధి వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 26.4 శాతం. అంటే నడక, తిండి కలిసి మాత్రంత పని చేశాయి.

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలి. నాట్లు, కోతల రోజుల్లో మీకు వేరే వ్యాయామం అక్కర్లేదు. చిక్కు వేసవిలో వస్తుంది. పంట ఇంటికొచ్చాక రచ్చబండ మీద కూర్చునే రెండు మూడు నెలల్లో పొట్ట పెరుగుతుంది. ఆ నెలల్లో పొద్దున్నే నడవండి. రాత్రి భోంచేసి మంచం ఎక్కకుండా పదిహేను నిమిషాలు వీధిలో అటూ ఇటూ తిరగండి. వారానికి రెండుసార్లు కండలకు పని చెప్పే బరువు పని చేయండి. చక్కెరను ఎక్కువగా ఖర్చు చేసేది కండే.

నిద్ర కూడా మందే. రాత్రి కరెంటు కోసం కాపలా ఉండి నీళ్లు పెట్టే రైతుకు నిద్ర చెడుతుంది. నిద్ర తగ్గితే శరీరం ఇన్సులిన్ మాట ఇంకా తక్కువ వింటుంది, బీపీ పెరుగుతుంది. అందువల్ల పగటి పూట కరెంటు అనేది ఆరోగ్యానికి సంబంధించిన కోరిక కూడా.

మందు తాగితే ట్రైగ్లిజరైడ్లు, బీపీ రెండూ పెరుగుతాయి, కాలేయం కొవ్వెక్కుతుంది. బీడీ, చుట్ట, ఖైనీ రక్తనాళాలను దెబ్బతీస్తాయి. ఇప్పటికే ముఠా ఒంట్లో ఉన్నవాడు పొగ తాగితే గుండెపోటును ఇంటికి పిలిచినట్టే.

పురుగుమందుల సంగతి కూడా చెప్పాలి. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఆర్గానోఫాస్ఫేట్ మందుల అవశేషాలు రక్తంలో ఎక్కువున్న పల్లెవాసుల్లో షుగర్ వ్యాధి ఎక్కువగా కనిపించింది. ఎలుకల్లోనూ ఆ మందులు షుగర్ పెంచాయి. షుగర్‌కు అదే కారణమని దీన్ని బట్టి తీర్పు చెప్పలేం. కానీ చేతికి తొడుగు లేకుండా మందు కలపకూడదనడానికి ఇది మరో కారణం.

మాత్రల సంగతి

తిండి, నడక ఎంత పాటించినా కొందరికి మాత్రలు కావాలి. అది ఓటమి కాదు. మధుమేహానికి చాలామందికి మొదటి మందు మెట్‌ఫార్మిన్. పాతది, చవకైనది, నమ్మకమైనది. బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటివి. గుండెకు ముప్పు ఎక్కువున్నవారికి స్టాటిన్ మాత్ర. జనరిక్ కొట్లలో ఇవి తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ మాత్రలు ఉచితం.

మన దగ్గర జరిగే పొరపాట్లు నాలుగు. మొదటిది, బీపీ నార్మల్‌కు వచ్చిందని మాత్ర ఆపేయడం. అది మాత్ర వల్ల వచ్చిన నార్మల్. గట్టు వేశాక నీళ్లు పారిపోవడం లేదని గట్టు తెంపుతామా? రెండోది, ఎవరో చెప్పారని కషాయాలకు మారి మాత్ర మానేయడం. కాకరకాయ, మెంతులు కూరలో తినండి, మాత్ర మాత్రం డాక్టరు చెప్పకుండా మానకండి. మూడోది, పక్కింటాయన చీటీ మీద మాత్రలు కొనుక్కోవడం. ఆయన కిడ్నీ వేరు, మీ కిడ్నీ వేరు. నాలుగోది, ఒళ్లు నొప్పులకు రోజూ డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు మింగడం, వెంటనే నొప్పి తగ్గాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవడం. నొప్పి మాత్రలు బీపీ పెంచుతాయి, కిడ్నీలను పాడుచేస్తాయి. స్టెరాయిడ్ షుగర్‌ను ఎగదోస్తుంది. నాట్ల రోజుల్లో ఇవి విపరీతంగా వాడుతున్నారు. తప్పనిసరైతే డాక్టరును అడిగి, రెండు మూడు రోజులకే పరిమితం చేయండి.

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడపిల్లలకు ఒక మాట. కాన్పయ్యాక అది పోయిందని వదిలేయొద్దు. ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి పరీక్ష చేయించండి.

పొలంలో జాగ్రత్తలు

షుగర్ మాత్రల్లో గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి, అలాగే ఇన్సులిన్, వేసుకుని తినకుండా పొలానికి వెళ్తే షుగర్ 70 కంటే దిగిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడ, మాట తడబాటు వస్తాయి. పక్కనున్నవాళ్లు వడదెబ్బ అనుకుంటారు, లేదా తాగాడనుకుంటారు. మనిషి తెలివిలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార గానీ, బెల్లం ముక్క గానీ నీళ్లతో ఇవ్వండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు, 108కు ఫోన్ చేయండి. షుగర్ మాత్రలు వాడే రైతు పంచె కొంగున బెల్లం ముక్క ఉండాలి.

మందు కొట్టినవారిలో కూడా చెమటలు, వణుకు వస్తాయి. కానీ నోటి వెంట చొంగ, కళ్ల వెంట నీళ్లు, కంటిపాప చుక్కలా చిన్నదవడం, వాంతులు ఉంటే అది పురుగుమందు విషం. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. వరి మడిలో వట్టి కాళ్లతో దిగి, ముల్లు గుచ్చుకున్నా, నత్తగుల్ల కోసినా తెలియదు. బురదలో దిగక తప్పని రోజు, ఇంటికొచ్చాక కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాలు చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్ల చేత చూపించుకోండి. చిన్న పుండైనా ఆ రోజే చూపించాలి. ఆ ఒక్క అలవాటు చాలా కాళ్లను కాపాడుతుంది.

సంఘం చేయాల్సింది

ఇంతసేపూ మీరేం చేయాలో చెప్పాను. కానీ మొత్తం బరువు రైతు నెత్తిన పెట్టి దిగిపోవడం న్యాయం కాదు. కొనేవాడు ఏది కొంటే అదే పండుతుంది, ఏది చవగ్గా దొరికితే అదే పళ్లెంలోకి వస్తుంది. 2025–26 ఖరీఫ్‌కు సాధారణ రకం వరికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, రాగికి 4,886, కందికి 8,000. కాగితం మీద కందీ, రాగీ మేలు. కానీ వరికి ఊరూరా కనిపించే కొనుగోలు కేంద్రం వాటికి కనిపించదు. రేషన్ షాపులో బియ్యం ప్రతి నెలా ఖాయం, పప్పు ఖాయం కాదు. కందిపప్పు ధర చూసి కూలి కుటుంబం చారునీళ్లతో సరిపెట్టుకుంటుంది. ‘మాంసకృత్తులు తినండి’ అని నేను చీటీ మీద రాస్తే ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు. పప్పులు, చిరుధాన్యాలు మద్దతు ధరకు కొనాలి, రేషన్‌లో పప్పు ఇవ్వాలి అని మీరు అడిగితే ఒరుగుతుంది. ఆ ఒక్క కోరికలో రైతు ఆదాయమూ ఉంది, కూలి ఆరోగ్యమూ ఉంది.

రెండోది, ఆసుపత్రి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఊళ్లోనే చేయాలి. మీ ఊళ్లో జరుగుతోందా? గ్రామసభలో అడగండి. మాత్రలు వారానికోసారి వచ్చి తీసుకోమంటే కూలికి వెళ్లే మనిషికి కుదరదు. కనీసం నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలి, మధ్యలో సరఫరా ఆగకూడదు. ఆరోగ్య పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే ఉపయోగపడుతున్నాయి. జబ్బు ముదరకుండా చేసే రోజువారీ మాత్రలు, పరీక్షల ఖర్చు చాలావరకు జేబులోంచే పోతోంది. కాలు తీసే ఆపరేషన్ ఉచితం, కాలు నిలిపే మాత్రకు మాత్రం డబ్బులు కట్టాలి అనే పద్ధతి మారాలి.

మూడోది, మీ చేతిలో ఉన్నది. ప్రతి గ్రామ శాఖ ఒక కొలత టేపు, ఒక బీపీ మిషను కొనుక్కోవచ్చు. సభ్యత్వ నమోదు రోజున రసీదుతో పాటు నడుము కొలత, బీపీ రాసివ్వండి. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, రెండుసార్లు చూడండి. రెండుసార్లూ 140/90 దాటితే ఆరోగ్య కేంద్రానికి పంపండి. ఆడవాళ్ల కొలతలు ఆడవాళ్లే తీసేలా చూడండి. సమావేశాల్లో ఇచ్చే టీలో పంచదార తగ్గించండి, బిస్కెట్లకు బదులు ఉడికించిన పల్లీలో శనగలో పెట్టండి.

రైతుకు భూమి ఒక ఆస్తి అయితే ఒళ్లు రెండో ఆస్తి. భూమికి సాయిల్ టెస్టు చేయిస్తున్నాం, ఎకరాకు ఎంత యూరియా వేయాలో లెక్క కడుతున్నాం. ఒంటికి ఆ లెక్క ఎందుకు ఉండకూడదు? భోజనానికి లేచే ముందు ఆ మూలన బల్ల దగ్గర టేపు, బీపీ మిషను పెట్టించాను. వరుసగా వచ్చి కొలిపించుకుని వెళ్లండి. నాయకులు ముందు రండి, మిగతావాళ్లు వెనకే వస్తారు.

సెలవు.